అమ్మ మోకాలికి రోబో ఆపరేషన్: జూన్ నుంచి నవంబర్ దాకా మా అనుభవం

"మధ్యలో కరెంటు పోతే?"

డాక్టర్ గారు రోబో గురించి పది నిమిషాలు వివరించాక నాన్న అడిగిన మొదటి ప్రశ్న ఇది. నాకు సిగ్గేసింది కానీ డాక్టర్ గారు నవ్వలేదు. బ్యాకప్ ఉంటుందనీ, ఒకవేళ మిషనే మొరాయించినా మామూలు పనిముట్లు పక్కనే సిద్ధంగా ఉంటాయనీ, చేత్తో పూర్తి చేస్తాననీ చెప్పారు. "రోబో దానంతట అది కొయ్యదండీ. రంపం నా చేతిలోనే ఉంటుంది. ముందే గీసిన హద్దు దాటబోతే అది నా చెయ్యిని ఆపేస్తుంది, అంతే" అన్నారు. అప్పటిదాకా నాన్న ఊహలో ఒక మరమనిషి కత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నా ఊహ కూడా అంతకంటే పెద్ద గొప్పగా ఏమీ లేదు.

అమ్మకు 66 ఏళ్లు, ఊరు తెనాలి. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి, ఎడమది మరీ ఘోరం. పదిహేనేళ్లుగా దొడ్డికాళ్లతో ఊగుతూ నడిచేది. తైలాలు, బెల్టులు, రెండుసార్లు మోకాల్లోకి ఇంజెక్షన్లు, అన్నీ అయిపోయాయి. ఈ ఏడాది వేసవిలో బాత్రూమ్‌కు వెళ్లడానికి గోడ పట్టుకోవడం మొదలుపెట్టాక ఇక ఆగలేక హైదరాబాద్ తీసుకొచ్చాం.

జూన్ 9, సోమవారం మొదటి ఓపీ. రిజిస్ట్రేషన్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆభా (కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య ఖాతా) నంబర్‌తో వివరాలు పంపితే లైన్‌లో నిలబడే పని లేకుండా టోకెన్ వస్తుందన్నారు. అమ్మకు ఆభా లేదు. అక్కడికక్కడే ఆధార్‌తో చేద్దామంటే ఓటీపీ తెనాలి ఇంట్లో బీరువా మీద పెట్టి వచ్చిన నాన్న పాత ఫోన్‌కు వెళ్లింది. ఎదురింటి పిన్ని దగ్గర తాళం ఉంది కాబట్టి ఆవిడ వెళ్లి చదివి చెప్పింది, మూడో ప్రయత్నంలో. ఆ 14 అంకెల నంబర్ వచ్చాక టోకెన్ నిజంగానే రెండు నిమిషాల్లో వచ్చింది. కానీ దాని లోపల అమ్మ పాత రికార్డు ఒక్కటీ లేదు. ఇన్నేళ్ల చరిత్ర అంతా నాన్న తెచ్చిన బట్టల షాపు ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. డాక్టర్ గారు ఆ కవర్లోని చీటీలే ఒక్కొక్కటి చూశారు. మీరు వెళ్లేముందు ఆధార్‌కు ఏ నంబర్ ఉందో చూసుకోండి, ఆ ఫోన్ జేబులో పెట్టుకోండి.

నిలబెట్టి తుంటి నుంచి మడమ దాకా పొడుగు ఎక్స్‌రే తీశారు. మోకాలి ఎముకల మధ్య ఉండాల్సిన సందు ఎడమ కాలికి లోపలి వైపు అసలు లేదు. మోకాలి కీలు మార్పిడి ఆపరేషన్ తప్పదన్నారు. మేం వచ్చే వారమే అనుకున్నాం. అప్పుడు షుగర్ రిపోర్ట్ వచ్చింది. హెచ్‌బీఏ1సీ 8.6. డాక్టర్ గారు ఫైల్ మూసేశారు. "7.5 లోపుకి తెండి, అప్పుడు మాట్లాడదాం. ఇంత షుగర్‌తో కోస్తే ఇన్ఫెక్షన్ వస్తుంది, కీలులో ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ అంతా తీసెయ్యాలి." అది మూడు నెలల సగటు చెప్పే పరీక్ష కాబట్టి వారం పథ్యం చేస్తే కదిలే అంకె కాదు. మొత్తం ప్రయాణంలో రోబోతో గడిచింది గంటన్నర. షుగర్‌తో గడిచింది దాదాపు మూడు నెలలు.

షుగర్ డాక్టర్ గారు మాత్రలు మార్చి, చేతికి సెన్సర్ పెట్టమన్నారు. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దది, తెల్లటి బిళ్ల. జబ్బ వెనక అతికిస్తారు, సన్నటి తీగ చర్మం కిందికి వెళుతుంది. 14 రోజులు ఉంటుంది. ఫోన్ దాని దగ్గర పెడితే ఆ క్షణంలో షుగర్ ఎంతో, పైకి పోతోందా కిందికి వస్తోందా బాణం గుర్తుతో చూపిస్తుంది. దాదాపు 5,000 రూపాయలు. జూన్ 16న పెట్టించాం.

మాకు ఎవరూ చెప్పనివి మూడు. అమ్మ ఫోన్, నాన్న ఫోన్ రెండూ దాన్ని చదవలేవు, దగ్గర పెడితే చదివే ఎన్ఎఫ్సీ సదుపాయం ఉన్న ఫోన్ కావాలి. ఎనిమిది గంటలకొకసారైనా స్కాన్ చెయ్యకపోతే అంతకు ముందు లెక్క పోతుంది. నేను ఆఫీసుకు పోయి రావడానికే పది గంటలు, అందుకని నా పాత ఫోన్ ఇంట్లో వదిలి నాన్నకు డ్యూటీ వేశాను. ఇక మూడోది ఆడవాళ్లకు మాత్రమే వచ్చే బాధ. తొమ్మిదో రోజు జాకెట్ విప్పుతుంటే బిగుతు చెయ్యికి తగులుకుని సెన్సర్ ఊడి చేతిలోకి వచ్చింది. ఐదు వేలు! అమ్మ ఆ బిళ్లను మళ్లీ అతికించడానికి రెండుసార్లు అదిమి చూసింది పాపం. రెండో సెన్సర్ పెట్టించే ముందు మా వీధి టైలర్ దగ్గర నాలుగు జాకెట్లకు చేతులు వదులు చేయించాం.

కానీ ఆ తొమ్మిది రోజుల్లోనే అసలు విషయం తెలిసిపోయింది. రోజూ సాయంత్రం నాలుగింటికి గ్రాఫ్ కొండెక్కుతోంది. అమ్మ ఏమీ తినలేదంటుంది. నాన్నేమో చూడలేదంటాడు. నాలుగో రోజు ఫ్రిజ్ వెనక బుట్టలో రసాలు దొరికాయి. సీజన్ చివరి మామిడిపండ్లు, మధ్యాహ్నం అందరూ కునుకు తీశాక ఒకటి. "ఇది సెన్సరు కాదే, నా మీద పెట్టిన సీఐడీ" అంది అమ్మ. నవ్వాం కానీ నాకు తర్వాత బాధేసింది. నడవలేదు, గుడికి పోలేదు, ఆవిడకు మిగిలిన సరదా ఆ ఒక్క పండు. ఉదయం ఇడ్లీల కంటే పెసరట్టుకు తక్కువ పెరుగుతుందని, అన్నం ముందు కూర తింటే తేడా ఉంటుందని కూడా గ్రాఫ్‌లోనే చూసింది. అందరికీ అలాగే ఉంటుందో లేదో కానీ అమ్మకైతే అలా ఉంది. నేను చెబితే ఇరవై ఏళ్లు వినని మనిషి, బాణం గుర్తు చెబితే వింది.

సెప్టెంబర్ 4న హెచ్‌బీఏ1సీ 7.3. ఆ కాగితం నాన్న ఎదురింటి పిన్నికి వాట్సాప్‌లో పెట్టాడు, పదో తరగతి మార్కులు పెట్టినట్టు.

అప్పుడు మొదలైంది అసలు నిర్ణయం, మామూలుగానా, రోబోతోనా అని. మామూలు ప్యాకేజీ 2,20,000, రోబోతో అయితే 2,95,000, ఇద్దరుండే గదికి. నేను డాక్టర్ గారిని సూటిగానే అడిగాను, మీ అమ్మగారికైతే ఏది చేస్తారని. ఆయన చెప్పింది నాకు నచ్చింది. ఎముక ఎంత కొయ్యాలి, ఇంప్లాంట్ (కొత్తగా పెట్టే కృత్రిమ కీలు) ఏ కోణంలో కూర్చోవాలి అన్నది రోబోతో మరింత కచ్చితంగా వస్తుందని, అందులో అనుమానం లేదని చెప్పారు. కానీ ఏళ్లు గడిచాక నొప్పిలో, నడకలో పెద్ద తేడా ఉంటుందని గట్టిగా చెప్పలేనన్నారు. "మీ అమ్మగారి కాలు బాగా వంగిపోయింది, ఇలాంటి వాటికి నాకు అది సాయపడుతుంది. కానీ మామూలుగా చేసినా చేసేది నేనే." ఇల్లు చేరేదాకా కారులో అన్నయ్య, నేను దీని మీదే వాదించుకున్నాం. అన్నయ్యకు రోబో కావాలి, డబ్బు సంగతి చూసుకుందామన్నాడు. నాకు ఎటూ తేలలేదు. చివరికి రోబోకే ఒప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, రేపు ఏదైనా తేడా వస్తే "అప్పుడే ఆ 75 వేలు పెట్టి ఉంటే" అనుకోవాల్సి వస్తుందన్న భయమే ఎక్కువ.

మా డాక్టర్ గారు వాడే రోబోకు ముందు సీటీ స్కాన్ కావాలి. సెప్టెంబర్ 8న తీశారు, 6,500. బయట తక్కువలో తీయిద్దామని అడిగాం. తుంటి, మోకాలు, చీలమండ మూడూ ఒకే కొలతలో, ఆ రోబోకు పనికొచ్చే పద్ధతిలో తియ్యాలి, లేకపోతే మళ్లీ తియ్యాల్సిందే అన్నారు. స్కాన్ నిమిషాల పనే. కానీ కాలు కదలకుండా తిన్నగా పెట్టడం అమ్మకు నరకం, ఆ మోకాలు తిన్నగా చాచి ఏళ్లయింది. పట్టీలు కట్టారు. బయటికి వచ్చాక కళ్లు తుడుచుకుంటూ "అసలుది ఇంకా కాలేదుగా" అంది.

12న డాక్టర్ గారు కంప్యూటర్‌లో ప్లాన్ చూపించారు. పక్కన ఒక కుర్రాడు మౌస్ పట్టుకుని తిప్పుతున్నాడు. అతను ఆస్పత్రి మనిషి కాదు, మిషన్ కంపెనీ టెక్నీషియన్. ఆపరేషన్ రోజు కూడా లోపల కంప్యూటర్ దగ్గర అతనే ఉంటాడట, ఇది మాకు కొత్త సంగతి. తెర మీద అమ్మ తొడ ఎముక చివర, కాలి ఎముక మొదలు, తెల్లగా, అంచుల్లో పెరిగిన ముళ్లతో సహా. వంపు 11 డిగ్రీలని రాసి ఉంది. ఇక్కడ ఇన్ని మిల్లీమీటర్లు తీస్తాం, ఇక్కడ ఇన్ని అని పచ్చరంగులో చూపిస్తున్నారు. అమ్మ కుర్చీలో ముందుకు వంగి తెరను వేలితో ముట్టుకుంది. "ఇది నాదేనా?" అంది. నాదేనా అన్న ఆ గొంతులో భయం లేదు, ఏదో జాలి ఉంది, చాకిరీ చేసి చేసి అరిగిపోయిన పనిముట్టును చూసినట్టు.

తేదీ దగ్గర మళ్లీ గొడవ. రోబోను మా డాక్టర్ గారు మంగళ, గురువారాల్లోనే వాడతారు. 18వ తేదీ ఖాళీ ఉందన్నారు. "మహాలయ పక్షాల్లోనా?" అంది అమ్మ. మిషన్ మీద నమ్మకం కుదిరింది కానీ పక్షాల మీద భయం పోలేదు. అమావాస్య దాటాక 23, మంగళవారానికి మార్చాం. నవరాత్రుల్లో రెండో రోజు. ఈలోగా పంటి డాక్టర్ దగ్గరికి పంపారు, ఒక కదిలే పన్ను తీశారు. నోట్లో చీము ఉంటే రక్తంలోంచి కొత్త కీలుకు పాకే ప్రమాదం ఉందట. మూత్ర పరీక్ష, గుండె ఎకో, ఇవన్నీ కలిపి సుమారు 5,500.

ఇక ఇన్సూరెన్స్. ఇది జాగ్రత్తగా చదవండి, మా డబ్బు పోయింది ఇక్కడే.

అమ్మ పాలసీ 4 లక్షలది, 2021 నుంచి ఉంది, మోకాళ్లకు ఉండే వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్ కోసం ఆగాల్సిన గడువు) ఎప్పుడో దాటిపోయింది. ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన వల్ల 2020 అక్టోబర్ నుంచి రోబోటిక్ సర్జరీని పాలసీలు కవర్ చెయ్యాలి. మేం అక్కడితో ఆగిపోయాం. కవర్ చెయ్యాలి గానీ దానికి ఒక పరిమితి పెట్టుకోవచ్చు అన్నది ఆ తర్వాతి వాక్యం. అమ్మ పాలసీలో ఆ పరిమితి మొత్తం కవరేజీలో 50 శాతం. అంటే 2 లక్షలు. అది రోబో ఛార్జీకి మాత్రమే కాదు, రోబోతో చేసిన ఆపరేషన్ మొత్తం బిల్లుకి. అదే ఆపరేషన్ మామూలుగా చేయించి ఉంటే ఈ పరిమితే వర్తించదు, చిన్నా చితకా తప్ప మొత్తం వచ్చేది. మేం 75 వేలు అదనం అనుకున్నది కాస్తా లక్ష దాటిపోయింది.

మరి ముందే తెలియలేదా అంటే, తెలియాల్సింది. ప్రీ ఆథరైజేషన్‌కు, అంటే ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతికి, మొదట 1,40,000 వచ్చింది. ఇంతేనా అంటే కౌంటర్‌లో అమ్మాయి, "ఇనిషియల్‌గా ఇంతే ఇస్తారు మేడమ్, ఫైనల్‌లో పెరుగుతుంది" అంది. అది అబద్ధం కాదు, పెరిగింది, 2 లక్షల దాకా పెరిగి ఆగింది. పాలసీ పీడీఎఫ్ నా మెయిల్‌లోనే ఉంది. అందులో రోబోటిక్ అన్న మాట వెతకడానికి అర నిమిషం పట్టేది. ఆ అర నిమిషం డిశ్చార్జ్ రోజు బిల్లింగ్ కౌంటర్ ముందు నిలబడి వెచ్చించాను.

22న అడ్మిషన్, 50,000 డిపాజిట్. 23న ఉదయం 8.10కి లోపలికి తీసుకెళ్లారు. వెళ్లేముందు అమ్మ మట్టిగాజులు తీయించారు, చేతులు బోసిగా చూసి నాన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. బయట పెద్ద తెర మీద పేషెంట్ నంబర్ల పక్కన రంగులు మారుతుంటాయి, రైల్వే స్టేషన్ బోర్డులా. లోపల, జరుగుతోంది, రికవరీ. నా ఫోన్‌కు మెసేజ్‌లు కూడా వచ్చాయి. ఇది మంచిదే గానీ టెన్షన్ తగ్గించదు. "జరుగుతోంది" అన్న మాట రెండు గంటలు మారకపోతే ఏమనుకోవాలి? నాన్న విష్ణు సహస్రనామం చదువుతూ ప్రతి పదో శ్లోకానికి తెర చూశాడు. 11.40కి రికవరీ అని పడింది. అసలు ఆపరేషన్ గంటన్నరే, మిగతాది మత్తు, తయారీ.

నడుముకు మత్తు ఇచ్చారు కాబట్టి అమ్మకు పూర్తిగా స్పృహ పోలేదు, మగతగా ఉందట. "అంతా వినపడిందే. మన వీధి చివర వడ్రంగి గుమ్మం చెక్క కోస్తుంటే వస్తుంది చూడు, అచ్చం ఆ మోత. మధ్యలో ఎవరో అంకెలు చెబుతున్నారు. నాకేమో నొప్పి లేదు. ఎవరి చెక్కో కోస్తున్నారనుకున్నా" అంది. అలా వినపడుతుందని ముందే చెప్పి ఉంటే బాగుండేది. వినడం ఇష్టం లేనివాళ్లు మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి.

సాయంత్రం ఐదింటికి ఫిజియో అమ్మాయి వాకర్ తెచ్చి "లేద్దామా అమ్మా" అంది. పొద్దున కోసిన కాలు! అమ్మ లేచింది. మంచం నుంచి తలుపు దాకా ఆరడుగులో ఏడడుగులో వేసింది. నాన్న కింద చూస్తున్నాడు, మనిషిని కాదు, కాళ్లను. కుడికాలు ఎప్పటిలా వంగి ఉంది, దాని పక్కన ఎడమకాలు స్కేలు పెట్టి గీసినట్టు నిలబడింది. "తిన్నగా ఉందే" అన్నాడు. అంతే అన్నాడు. నేను బయటికొచ్చి కాసేపు ఏడ్చాను.

మొదటి రాత్రి హాయిగా నిద్రపోయింది. అయ్యో ఇంతేనా అనుకున్నాం. తొడలో ఇచ్చిన నరం బ్లాక్ (నొప్పి తెలియకుండా నరం దగ్గర ఇచ్చే మందు) దిగేదాకా ఆ హాయి. రెండో రాత్రి నేను మర్చిపోలేను. రెండు గంటలప్పుడు దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని మూలుగుతోంది, పక్క మంచం ఆవిడకు నిద్ర చెడుతుందని. నర్సును పిలిస్తే ఇంజెక్షన్ ఇచ్చింది. "నొప్పి ముదిరాక కాదమ్మా, మొదలవగానే పిలవండి" అంది. మనవాళ్లు ఓర్చుకోవడం గొప్పనుకుంటారు, ఈ విషయంలో అది పెద్ద పొరపాటు.

కట్టు మార్చేటప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మోకాలి మీద పొడుగు కుట్టు కాక, కాలి ఎముక మీద కింద రెండు, తొడ మీద రెండు చిన్న గాట్లు. ఇవేమిటని అడిగితే, కాలు ఎక్కడ ఉందో కెమెరా కనిపెట్టడానికి ఎముకకు పిన్నులు దిగేసి వాటి మీద గుర్తులు పెడతారట, పని అయ్యాక తీసేస్తారట. సంతకం పెట్టిన కాగితాల్లో ఎక్కడో ఉండే ఉంటుంది. నోటితో మాత్రం ఎవరూ చెప్పలేదు.

26న పొద్దున 10.30కి డిశ్చార్జ్ అన్నారు. తుది అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని ఐఆర్‌డీఏఐ 2024లోనే చెప్పింది, ఆ ధైర్యంతో మధ్యాహ్నం భోజనం ఇంట్లోనే అని చెప్పేశాను. అనుమతి 4.10కి వచ్చింది. బిల్లు 3,12,400. ఇన్సూరెన్స్ 2,00,000. డిపాజిట్ పోను ఇంకో 62,400 కట్టాను. బిల్లు చూస్తుంటే ఒకటి అర్థమైంది. ఇంప్లాంట్ డబ్బా స్టిక్కర్లు అంటించి, ఎమ్మార్పీతో సహా లెక్క ఉంది. 2017 ఆగస్టులో కేంద్రం మోకాలి ఇంప్లాంట్లకు గరిష్ఠ ధర పెట్టాక అక్కడ ఇష్టం వచ్చినంత వెయ్యడానికి లేదు. రోబో వాడకం ఛార్జీ, దాని పిన్నులు, బ్లేడ్లు, తొడుగులు అన్నవాటికి అలాంటి పరిమితేదీ నాకు కనపడలేదు. ప్రతి ఆపరేషన్‌కు కొత్తవి వాడి పారేసేవే అవన్నీ. అంటే మిషన్ పాతబడినా ఈ ఖర్చు తగ్గదన్నమాట.

ఇంటికొచ్చాక అసలు ఆపరేషన్ మొదలైందని అమ్మ అంటుంది, అది ఫిజియోథెరపీ. మోకాలు వంచాలి. ఇంటికొచ్చే ఫిజియో అబ్బాయికి రోజుకు 800, మొత్తం 20 రోజులు. మొదటి రోజు 70 డిగ్రీలు. అమ్మను మంచం అంచున కూర్చోబెట్టి, మడమ కింద టవల్ వేసి, "ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం" అంటూ వెనక్కి నెట్టేవాడు. అమ్మ నా మణికట్టు పట్టుకునేది. గోళ్ల గుర్తులు పడేవి. ఏ రోజు పట్టు కాస్త వదులైతే ఆ రోజు డిగ్రీలు పెరిగినట్టు, అలా ఉండేది నా లెక్క.

ఆస్పత్రి వాళ్లు ఒక యాప్ కూడా ఇచ్చారు. ఫోన్‌ను పిక్క మీద బెల్టుతో కట్టి వంచితే కోణం చూపిస్తుంది, వ్యాయామం అయ్యాక నక్షత్రాలు ఇస్తుంది. అక్టోబర్ 5న యాప్ 95 చూపించింది. ఇంటిల్లిపాదీ చప్పట్లు. మర్నాడు ఫిజియో అబ్బాయి ప్లాస్టిక్ కొలబద్ద పెట్టి కొలిస్తే 82. ఫోన్ కాస్త పక్కకు జారిందట. అమ్మ మొహం చూడాలి. "నక్షత్రాలు వెనక్కి ఇచ్చెయ్యాలా?" అంది. ఆ తర్వాత యాప్‌ను వ్యాయామం గుర్తుచేసే అలారంగా మాత్రమే వాడాం, దానికది బాగానే పనికొచ్చింది.

నిజంగా ఆదుకున్నది మాత్రం వీడియో కాల్. అక్టోబర్ 2, దసరా. కింద పిన్ను గాటు దగ్గర మేజోడు తడిగా ఉంది. సెలవు, సాయంత్రం, ట్రాఫిక్. చీమేమోనని చేతులు చల్లబడ్డాయి. ఫొటో తీసి ఆస్పత్రి నంబర్‌కు పంపితే ముప్పావు గంటలో డ్యూటీ డాక్టర్ వీడియోలోకి వచ్చింది. లైటు దగ్గర పెట్టమంది, దూది అద్ది రంగు చూపించమంది, చుట్టూ చర్మం వేడిగా ఉందా అని నా వేళ్ల వెనక భాగంతో చూడమంది, జ్వరం కొలిపించింది. నీళ్లలాంటి ద్రవమే, కంగారు లేదు, రేపు పొద్దున ఇదే చోటు మళ్లీ ఫొటో పంపండి అంది. రెండు రోజుల్లో ఆరిపోయింది. ఆ రాత్రి అమ్మను ఆ కాలుతో కారెక్కించి ఎమర్జెన్సీకి తీసుకెళ్లాల్సిన అవసరం లేకపోవడం, దానికి వెల కట్టలేను.

7న క్లిప్పులు తీశారు. కుట్లు కాదు, స్టేప్లర్ పిన్నుల్లాంటివి, 28. దీపావళి నాటికి 100 డిగ్రీలు. వాకర్ (1,400) పోయి కర్ర వచ్చింది. కమోడ్ మీద వేసే ఎత్తు సీటు (2,200) ఇంటికి రాకముందే కొనిపెట్టుకోండి, మేం మొదటి రోజు రాత్రి ఎనిమిదింటికి దాని కోసం మెడికల్ షాపులు తిరిగాం. రెండు సెన్సర్లు, స్కాన్, పరీక్షలు, ఫిజియో, ఆస్పత్రి వాటా అన్నీ కలిపి మా చేతి నుంచి పోయింది సుమారు లక్షా 54 వేలు. ఆస్పత్రికి ముందు ఖర్చులు తర్వాత క్లెయిమ్ చేసుకోవచ్చని ఎవరైనా చెబుతారు. మా 2 లక్షలు అప్పటికే అయిపోయాయి కాబట్టి మాకు రూపాయి రాలేదు.

రోబో వల్లే ఇంత బాగుందా అని అందరూ అడుగుతున్నారు. నాకు తెలియదు. అమ్మకు ఇంకో ఎడమకాలు లేదుగా, పోల్చి చూడటానికి.

నవంబర్ 4న ఆరు వారాల చెకప్. 112 డిగ్రీలు, ఎక్స్‌రేలో కాలు తిన్నగా ఉంది. మెట్లు ఎక్కొచ్చు, గుడికి వెళ్లొచ్చు, కింద మాత్రం కూర్చోవద్దన్నారు. మర్నాడు కార్తిక పౌర్ణమి. తెనాలిలో అయితే తులసికోట ముందు పీట వేసుకుని కూర్చుని 365 వత్తులు వెలిగిస్తుంది. ఇక్కడ బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీ, ముందు స్టూలు, దాని మీద తులసికుండీ. "దేవుడి కంటే ఎత్తులో కూర్చోవడమేమిటే" అని ఒకటే గొణుగుడు. స్టూలు కింద రెండు ఇటుకలు పెట్టి తులసిని ఎత్తు చేశాక శాంతించింది.

చెకప్‌లో డాక్టర్ గారు కుడికాలి సంగతి ఎత్తారు. అది కూడా చేయించుకుంటే నడక సమంగా ఉంటుందన్నారు. నాన్న నా వైపు చూశాడు, నేను బిల్లు గుర్తు తెచ్చుకున్నాను. అమ్మ ఒక్కతే తొణక్కుండా అడిగింది.

"ఎడమకాలి కొలతలన్నీ మీ కంప్యూటర్లో ఉన్నాయిగా బాబూ. అవే తిరగేసి వాడుకుంటే ఏమైనా తగ్గదూ?"

డాక్టర్ గారు ఈసారి నవ్వారు. కుదరదట, కుడికాలికి మళ్లీ స్కాన్ తియ్యాల్సిందేనట. సంక్రాంతి వెళ్లాక రమ్మన్నారు. అమ్మ బయటికొస్తూ, "ఈసారి చేత్తోనే చెయ్యమందాం" అంది.